షూటింగు ముందా, ఆలోచన ముందా?



కొద్ది నెలల క్రితం ఒక శనివారం సాయంత్రం మా విచారణకు చెందిన ముగ్గురు డిగ్రీ విద్యార్థులు బంగళాకు వచ్చారు. ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి. వాళ్లు చదివేది జర్నలిజం. కాలేజీలో వాళ్లకొక ప్రాజెక్టు ఇచ్చారట. నాలుగు నిమిషాల పాటకు బొమ్మలు జతచేసి ఒక మ్యూజిక్ వీడియో తయారు చేయాలి. దానితోపాటు, ఆ వీడియో ఎలా ఆలోచించారు, ఏమేమి పరిశీలించారు, ఏ ప్రణాళిక వేసుకున్నారు అన్నది ఒక నోటుపుస్తకంలో తేదీలవారీగా రాసి ఇవ్వాలి. వీడియోకు కొన్ని మార్కులు, నోటుపుస్తకానికి కొన్ని మార్కులు.

"రేపు పూజ అయ్యాక సమాధుల తోటలో షూటింగు చేసుకుంటాం, అనుమతి ఇవ్వండి ఫాదర్ గారూ" అని అడిగారు.

"మీ నోటుపుస్తకం ఒకసారి చూపించండి" అన్నాను. మొదటి పేజీలో పాట పేరు, ముగ్గురి పేర్లు ఉన్నాయి. మిగతాదంతా తెల్లకాగితమే.

"ముందు వీడియో తీసేస్తాం ఫాదర్ గారూ. ప్లానింగు తర్వాత రాసుకుంటాం. తేదీలు వెనక్కి వేస్తే సరిపోతుంది. అందరూ అంతే చేస్తారు" అన్నాడు ఒక అబ్బాయి. నాతో దాచకుండా చెప్పినందుకు సంతోషించాలో, ఆ మాటకు బాధపడాలో తెలియలేదు.

ఇందులో తప్పేముంది అని మీరు అడగవచ్చు. పిల్లల ప్రాజెక్టే కదా, ఎవరి సొమ్మూ పోలేదు కదా! తేదీలు మార్చి రాయడం అబద్ధమే. కానీ ఆ అబద్ధం వెనుక మరొక పెద్ద ప్రశ్న దాగి ఉంది. ఆలోచన అనేది పనికి ముందు రావలసినదా, లేక పని అయిపోయాక దానికి తొడిగే చొక్కానా?

పునీత తోమాసు అక్వీనాసుగారు వివేకం అనే సుగుణాన్ని వివరిస్తూ దానిలో మూడు పనులు ఉన్నాయన్నారు. మొదటిది విచారించడం, రెండవది తీర్పు చేసుకోవడం, మూడవది ఆ తీర్పును ఆచరణలోకి దించడం. వివేకానికి విరుద్ధమైన దోషాల్లో తొందరపాటును ఆయన ప్రత్యేకంగా పేర్కొన్నారు. దానికి ఆయన ఇచ్చిన పోలిక చక్కనిది. మేడ మీదినుండి కిందికి దిగాలంటే మెట్లు ఉన్నాయి. జరిగినదాన్ని గుర్తు చేసుకోవడం, ఇప్పుడున్నదాన్ని గ్రహించడం, రాబోయేదాన్ని పసిగట్టడం, తర్కించడం, పెద్దలు చెప్పింది వినడం, ఇవీ ఆ మెట్లు. వీటిని ఒక్కొక్కటిగా దిగేవాడు వివేకి. ఆవేశంతో పైనుండి దూకేవాడు కిందికి చేరుకుంటాడు గాని కాళ్లు విరగ్గొట్టుకుంటాడు.

నేను ఆ పిల్లలకు ఈ తత్త్వశాస్త్రం చెప్పలేదు. చిన్న లెక్క చెప్పాను. పాట నిడివి 4 నిమిషాలు, అంటే 240 సెకన్లు. పాట వేగం నిమిషానికి 120 తాళాలు. నాలుగు తాళాలకొకసారి బొమ్మ మారిస్తే ఒక్కొక్క షాటు 2 సెకన్లు. అంటే 120 షాట్లు కావాలి. ఒక్కొక్కటి మూడుసార్లు తీస్తే 360 సార్లు కెమెరా తిరగాలి. ఉదయపు మెత్తని వెలుగు ఎంతసేపు ఉంటుంది? పాడేవారి పెదవులు పాటతో కలవాలంటే అక్కడ పాట వినిపించడానికి స్పీకరు ఎవరు తెస్తున్నారు? పూజ అయ్యాక సమాధుల దగ్గరకు కొవ్వొత్తులతో వచ్చే కుటుంబాలను ఎక్కడ నిలబెడతారు? ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇంకా అడిగాను. మొదట వాళ్లు ఎంచుకున్నది ఒక సినిమా పాట. పాటకు ఒక హక్కుదారుడు, ఆ పాట రికార్డింగుకు మరొక హక్కుదారుడు ఉండవచ్చని వాళ్లకు తెలియదు. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం కవికి, సంగీతకర్తకు జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్లూ హక్కు ఉంటుంది. కాలేజీలో అధ్యాపకులు, విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు ప్రదర్శించుకోవడానికి చట్టం వెసులుబాటు ఇచ్చింది. అదే వీడియోను లోకమంతా చూసేలా యూట్యూబులో పెట్టడం వేరే సంగతి. రైలు పట్టాల మీద నడుస్తూ పాడే దృశ్యం కూడా తీయాలనుకున్నారు. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్లడం 1989 రైల్వే చట్టం ప్రకారం నేరం. దానికి ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. నేరం సంగతి అలా ఉంచినా, స్పీకరు మోగుతుంటే వెనుకనుండి వచ్చే రైలు కూత ఎవరికి వినిపిస్తుంది?

పాట మార్చుకున్నారు. వాళ్ల తరగతి కుర్రాడే కట్టిన పాట తీసుకున్నారు, అతణ్ణి అడిగి మరీ. గల్ఫుకు వెళ్లి తల్లిని మరచిపోయిన కొడుకు గురించిన పాట అది. పట్టాల దృశ్యం మానుకున్నారు. కానీ అసలు చిక్కు అప్పుడే మొదలైంది.

మా సమాధుల తోట గేటు దగ్గర ఒక మామ్మ కూర్చుని పూలమాలలు, కొవ్వొత్తులు అమ్ముతుంది. ముడతలు పడిన ముఖం, నెరిసిన జుట్టు, దూరాన ఎక్కడికో చూసే చూపు. పాటలోని తల్లి ఆవిడేనని ముగ్గురూ ఎప్పుడో నిర్ణయించుకున్నారు. "అడిగాం ఫాదర్ గారూ, తీసుకోండి నాయనా అంది" అన్నారు.

"ఏ పాటకు తీస్తున్నారో చెప్పారా?"

చెప్పలేదు.

"అయితే కెమెరా లేకుండా వెళ్లి ఒక గంటసేపు ఆవిడ పక్కన కూర్చుని రండి. ఆ తర్వాత అనుమతి సంగతి మాట్లాడుకుందాం" అని పంపాను.

వాళ్లు తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. మామ్మ కొడుకు నిజంగానే కువైట్‌లో ఉన్నాడు. కానీ నెలనెలా డబ్బు పంపుతాడు. ప్రతి ఆదివారం ఫోను చేస్తాడు. "ఇంట్లో కూర్చోమ్మా" అని పోరుపెడతాడు. ఆవిడే వినదు. భర్త సమాధి ఆ గేటుకు పదడుగుల దూరంలో ఉంది. రోజంతా ఆయనకు దగ్గరగా కూర్చోవడం ఆవిడకు ఇష్టం. చేతులు ఊరకే ఉండడం ఇష్టం లేదు. పాట సంగతి చెప్పగానే మామ్మ ముఖం మారిపోయిందట. "నా కొడుకు నన్ను మరచిపోయాడని పాటలో వేస్తారా? అక్కడ మన ఊరోళ్లంతా ఒకే గదిలో ఉంటారు, ఫోనులో అందరూ చూస్తారు. వాడు తలెత్తుకోగలడా నాయనా?" అని అడిగిందట.

పాఠకులారా, ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఆ పిల్లలకు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. తల్లులను మరువవద్దని లోకానికి చెప్పాలనుకున్నారు. పాటలోని నీతి మంచిదే. మామ్మ ముఖం నిజమైనదే. మామ్మ "సరే" అన్న మాటా నిజమే. ఈ మూడు నిజాలను కలిపితే ఒక అబద్ధం తయారయ్యేది. ఎక్కడో దూరాన కష్టపడుతున్న ఒక నిరపరాధి నెత్తిమీద అది పడేది.

అలాగైతే నటన అంతా అబద్ధమేనా అని మీరు అడగవచ్చు. కాదు. ఈ ప్రశ్నను పునీత అగుస్తీనువారు తన "సొలిలోక్వియా" అనే గ్రంథంలో చర్చించారు. రోషియస్ అనే రోము నటుడు హెకూబా రాణి వేషం వేసినప్పుడు అతడు బూటకపు హెకూబాయే, కాని నిజమైన నటుడు. బూటకపు హెకూబా కాకపోతే నిజమైన నటుడు కాలేడు కూడా. వేషం వేషమని వేసేవాడికీ తెలుసు, చూసేవాడికీ తెలుసు. అక్కడ మోసం లేదు. కానీ మామ్మ వేషం వేయడం లేదు. ఆమె తానుగా కూర్చుంటే, చూసేవారు ఆమె బతుకే అంత అనుకుంటారు. కల్పనకూ అబద్ధానికీ తేడా ఇక్కడే ఉంది.

ఆమె "సరే" అన్నది కదా అనవద్దు. దేనికి సరే అంటున్నామో తెలియకుండా అన్న "సరే" సగం సమ్మతి కూడా కాదు. పేదవారు, ముసలివారు మన చదువునూ మన కెమెరానూ చూసి కాదనలేక తల ఊపుతారు. ఆ తల ఊపును అనుమతిగా జేబులో వేసుకోవడం న్యాయం కాదు.

ఈ సంగతి నాకు పుస్తకాలు మాత్రమే నేర్పలేదు. 1996 నవంబరులో వచ్చిన తుఫాను కోనసీమను చిందరవందర చేసినప్పుడు నేను సెమినరీలో చదువుకుంటున్నాను. సహాయానికి వెళ్లిన విద్యార్థుల్లో నేనొకడిని. నా చేతిలో కెమెరా ఉంది. గంజి కోసం పళ్లెం చాచిన ఒక పిల్లవాడి ఫోటో తీశాను. విరాళాలు కోరుతూ వేసిన కరపత్రంలో దాన్ని అచ్చువేయించాను. విరాళాలు వచ్చాయి. మంచి పని చేశాననుకున్నాను. చాలా ఏళ్ల తరువాత ఒక పెళ్లిలో ఒక యువకుడు నా దగ్గరకు వచ్చి, "ఆ ఫోటోలో పిల్లవాణ్ణి నేనే ఫాదర్ గారూ" అన్నాడు. నేను సంతోషంగా చేయి పట్టుకున్నాను. అతడు మెల్లగా అన్నాడు: "ఆ కాగితం మా నాన్న చూశాడు. నా బిడ్డ అడుక్కున్నాడా అని ఆ రాత్రంతా ఏడ్చాడు." ఆ తండ్రి అప్పటికే చనిపోయాడు. క్షమాపణ అడగడానికి నాకు ఎవరూ మిగల్లేదు. ఆ రోజు ఆ కుటుంబంతో పది నిమిషాలు మాట్లాడి ఉంటే ఆ ఫోటో వేయించేవాణ్ణి కాదు. అలా మాట్లాడడమే పరిశీలన. నేను ఆ మెట్టు దాటవేసి దూకాను.

పాటకు బొమ్మ తోడైనప్పుడు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పాడిన మాటల కంటె రాగమే తనను ఎక్కువగా కదిలించినప్పుడు అది తన తప్పేనని అగుస్తీనువారు తన "ఒప్పుకోలు" గ్రంథం పదవ భాగంలో రాసుకున్నారు. రాగం మన విచారణను దాటుకుని నేరుగా గుండెలోకి వెళుతుంది. కన్నీళ్లతో చూసేవాడు "ఇది నిజమా?" అని అడగడు. అందుకే ఆ ప్రశ్న తీసేవాడే ముందుగా అడుక్కోవాలి. 1981లో అమెరికాలో ఎంటీవీ మొదలైన నాటికి ఇటువంటి బొమ్మలు తీయడం పెద్ద కంపెనీల పని. మా చిన్నతనంలో శుక్రవారం చిత్రలహరి కోసం వీధంతా ఒక టీవీ ముందు కూర్చునేవారు. ఇప్పుడు ఆ శక్తి మీ ఇంట్లో పద్దెనిమిదేళ్ల కుర్రవాడి జేబులో ఉంది. శక్తితోపాటు పూచీ కూడా అతని జేబులోకే వచ్చింది.

"ఇంత ఆలోచిస్తూ కూర్చుంటే కళ ఎలా పుడుతుంది?" అని వాళ్లలో ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. ఆలోచన ఎంతసేపైనా చేయాలి గాని, నిర్ణయించాక వెంటనే ఆచరించాలి అనే మాటను అరిస్టాటిల్ ప్రస్తావించాడు. ప్లాను వేస్తూ ఎన్నటికీ పని మొదలుపెట్టనివాడు వివేకి కాడు. అక్వీనాసుగారి మూడు పనుల్లో ముఖ్యమైనది చివరిదే, ఆచరణ. కానీ మన గుడిలో పాటబృందాన్ని చూడండి. బాగా సాధన చేసిన రోజే పాడేవారు కాగితం మీదినుండి కళ్లెత్తి ధైర్యంగా పాడతారు. సాధన లేని రోజు అందరి కళ్లూ కాగితంలోనే. ముందుచూపు కళను బంధించదు, దాని చేతులు విడిపిస్తుంది.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఇటువంటి ప్రాజెక్టు చేస్తున్నప్పుడు వీడియో పూర్తయ్యాక చూసి మెచ్చుకోవడంతో సరిపెట్టవద్దు. మొదలుపెట్టక ముందే నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ పాట ఎవరిది? ఈ ముఖం ఎవరిది, దేనికోసమో వారికి పూర్తిగా తెలుసా? ఈ దృశ్యం తీయడంలో ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందా? ఇది చూసి తలదించుకోవలసిన మనిషి ఎక్కడైనా ఉన్నాడా? వీటికి జవాబులు నోటుపుస్తకంలోకి ఎక్కితే, ఆ పుస్తకాన్ని ఏ మాస్టారికి చూపడానికైనా తేదీలు మార్చే అవసరం ఉండదు.

మా పిల్లల సంగతి చెప్పి ముగిస్తాను. ఆ ఆదివారం షూటింగు జరగలేదు. మూడు వారాల తర్వాత జరిగింది. మామ్మను తీయాలనుకున్న మొదటి ప్లానును నోటుపుస్తకంలో చింపివేయకుండా, అడ్డంగా గీత గీసి, ఎందుకు మానుకున్నారో కింద రాశారు. తల్లి పాత్రకు ఆ అమ్మాయి మేనత్త ముందుకు వచ్చింది. సమాధుల తోటలో కాక వాళ్ల పెరట్లోనే తీశారు.

షూటింగు చూడడానికి మామ్మ కూడా వెళ్లిందట. మేనత్త పూలు కడుతున్న దృశ్యం తీస్తుంటే మధ్యలో ఆపించి, "అలా కాదమ్మా, దారం బొటనవేలికి చుట్టుకోవాలి" అని చేయి పట్టుకుని చూపించిందట. ఆ షాటు మళ్లీ మొదటినుండి తీశారు.