అడిగి ఇచ్చే చెయ్యి

డిసెంబరు వచ్చిందంటే ఉట్నూర్ దారుల్లో దుప్పట్ల బండ్లు కనిపిస్తాయి. ఆదిలాబాద్ చలి రాష్ట్రమంతటికీ తెలుసు కనుక ఎక్కడెక్కడివారో గోండు, కొలాం గూడేలు వెతుక్కుంటూ వస్తారు. మంచి మనసుతోనే వస్తారు. బ్యానర్ కడతారు, ఊరిని వరుసలో నిలబెడతారు, అవ్వ భుజాన రగ్గు కప్పి కెమెరా వైపు చూడమంటారు. రోడ్డు పక్క గూడేనికి రెండు సంఘాలు వస్తే వాగు అవతలి గూడేనికి ఒక్కరూ పోరు.

తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యుడికి గురువు దానం సంగతి కూడా చెప్పి పంపుతాడు. శ్రద్ధతో పాటు బిడియం ఉండాలంటాడు, తెలిసి ఇవ్వాలంటాడు. మనం శ్రద్ధ దగ్గరే ఆగిపోయాం. ఇచ్చేవాడికి బిడియమెందుకు అని ఎవరైనా అడిగితే ఆ కెమెరాను చూపిస్తే చాలు. తెలిసి ఇవ్వడమే అసలు కష్టం. దానికి డబ్బు కన్నా కాలం ఎక్కువ ఖర్చవుతుంది.

అలా కాలం ఖర్చు పెట్టిన దంపతులు ఈ ప్రాంతానికి ఎరుకే. నిజాంపై తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక, గోండుల గోడు ఏమిటో తెలుసుకోవడానికి నిజాం సర్కారు ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ సాయం తీసుకుంది. ఆయన భార్య బెట్టితో కలిసి మార్లవాయిలో గుడిసెలో ఉన్నాడు, గోండి నేర్చుకున్నాడు, కూర్చుని విన్నాడు. వింటే తేలింది, వాళ్లకు ముందు కావలసింది దున్నుకునే భూమికి పట్టా, పిల్లలకు తమ మాటలో చదువు అని. 1943లో మార్లవాయిలో గోండి బడి మొదలైంది. ఆ దశాబ్దంలో లక్ష ఎకరాలకు పైగా ఆదివాసుల పేరిట పట్టా అయింది. దీన్ని దానమని మాత్రం నేననను. అడవిని రిజర్వు చేసి వాళ్లను వెళ్లగొట్టిందీ ఆ సర్కారే, కట్టింది పాత బాకీలో కొంత. అయినా విన్నవాళ్లను ఊరు మరిచిపోలేదు. 1987లో కన్నుమూసిన బెట్టి సమాధి మార్లవాయిలోనే ఉంది, ఏటా అక్కడ నివాళులర్పిస్తారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు గిరిజనుల మొర వినే దర్బారు కూడా హైమన్‌డార్ఫ్ చొరవతో మొదలైందే.

తెలిసి ఇచ్చిన కథ దూరదేశంలోనూ ఒకటుంది. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఆకలిగొన్న పిల్లలకు పాలు పంచిన అమెరికా రైతు డాన్ వెస్ట్‌కు, గ్లాసుల లెక్కన ఎన్నాళ్లు పోసినా తీరదని, ఆవునే ఇస్తే మేలని తోచింది. ఆయన మొదలుపెట్టిన హెఫర్ సంస్థ 1944లో తొలి పెయ్యలను పోర్టోరికోకు పంపింది. షరతు ఒక్కటే: పుట్టిన మొదటి పెయ్యదూడను ఇంకో ఇంటికి ఇవ్వాలి. తీసుకున్నవాడే దాత అవుతాడు. ఇది గోండులకు కొత్త కాదు. దీపావళి రోజుల్లో దండారి నాట్యం ఆడుతూ వచ్చిన పక్క గూడెం వాళ్లకు ఊరంతా కలిసి అన్నం పెడుతుంది, తర్వాత వీళ్లు అక్కడికి పోయి తింటారు. ఎవరి చెయ్యీ ఎల్లకాలం కింద ఉండదు.

కనుక పుట్టినరోజుకో పండక్కో ఏదైనా చేద్దామనుకునేవారు కొనడం గురించి ఆలోచించాలి, కొనుగోలులో రెండు చేతులూ సమానమే. ఉట్నూర్‌లో ఆదివాసీ మహిళల సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేస్తోంది. రక్తహీనతకు విరుగుడుగా ఆశ్రమ పాఠశాలల పిల్లలకూ అవి పెడుతున్నారు. దీపావళి మిఠాయి డబ్బా అక్కడి నుంచి తెప్పించుకోవచ్చు. ఉషేగాం, కేస్లాగూడల్లో ఓజా కళాకారులు మట్టి ముద్ద మీద మైనపు తీగ చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోసి బొమ్మలు చేస్తారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెళ్లికి బహుమతిగా కొనండి. బేరం మాత్రం ఆడకండి, షాపింగ్ మాల్‌లో ఆడం కదా.

ఇంకో సంగతి. కేస్లాపూర్‌లో 2022లో ప్రారంభమైన నాగోబా రాతిగుడిని గోండుల్లోని మెస్రం వంశస్తులు ఇంటింటా చందాలు వేసుకుని కట్టుకున్నారు. చేయి చాపి నిలబడే జనం కారు వాళ్లు. సాయం చెయ్యాలనిపిస్తే ముందు వట్టి చేతులతో పోయి గూడెం పటేల్ దగ్గర కూర్చోండి, ఈ యేడు మీకేం తక్కువైందో అడగండి. బోరు మోటారు కాలిపోయిందనొచ్చు. ఇంటర్ చదివే పిల్లకు హాస్టల్ ఫీజు కట్టమనొచ్చు. ఏమీ వద్దు, దండారికి వచ్చి మాతో తిని పోండి అన్నా అనొచ్చు.