గిటార్ ఎవరిది?

మొన్నామధ్య ఒక శనివారం మధ్యాహ్నం నా గిటార్ తీగలన్నీ విప్పేసి దాన్ని టేబుల్ మీద వెల్లకిలా పడుకోబెట్టాను. పక్కనే పెన్సిలు, స్కేలు. బ్రిడ్జ్ దగ్గరున్న పికప్ చుట్టూ ఎంత చెక్క తీసేయాలో గీత గీసుకోవాలి, అంతే. "రౌటర్ పెడితే పావుగంట పని అన్నా" అని రిపేరు కుర్రాడు ముందే చెప్పాడు. గంటసేపు కూర్చున్నాను. గీత గీయలేకపోయాను.

ఆ గిటార్ కంపెనీది కాదు. ఊరి చివర రెండు గదుల షెడ్డులో, ఒక సాయం మనిషిని పెట్టుకుని పని చేసే ఒకాయన చేసింది. ఎనిమిది నెలలు ఆగాను. నెక్ చెక్కే ముందు ఆయన నా ఎడమ చెయ్యి పట్టుకుని, వేళ్లు చాపమని, ముడవమని చూశాడు. నెక్ విప్పితే లోపల బాడీ మీద పెన్సిల్‌తో ఆయన పేరు, తేదీ ఉంటాయి. డబ్బు పూర్తిగా కట్టేశాను. బిల్లు నా పేరు మీదే ఉంది. ఇక అనుమానం దేనికి?

ముందు నా సమస్య చెప్పాలి. దానికున్నవి సింగిల్ కాయిల్ పికప్‌లు. అయస్కాంతాల చుట్టూ సన్నటి రాగితీగ చుట్టిన ఆ పికప్, ఉక్కుతీగ కదలికనే కాదు, గదిలో కరెంటు గోలని కూడా పట్టుకుంటుంది. ఆంప్ పెంచితే పాట కంటే ముందు "జుమ్మ్"మనే హమ్ వినిపిస్తుంది. 1950లలో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ దీనికి మందు కనిపెట్టాడు. రెండు కాయిల్స్ పక్కపక్కన పెట్టి, ఒకదానికి అయస్కాంతపు దిశనీ, చుట్టు వరసనీ తిప్పేస్తే, రెండూ పట్టుకున్న గోల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ శబ్దం మాత్రం మిగులుతుంది. అదే హమ్‌బకర్. నాకు అది కావాలి. కానీ అది దాదాపు రెట్టింపు వెడల్పు. చెక్క కోస్తే గానీ పట్టదు. కోసిన చెక్క మళ్లీ రాదు.

"నీ డబ్బు, నీ గిటార్. ఇంత ఆలోచనెందుకు?" అన్నాడు మా బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించేవాడు. వాడి మాటకి పెద్ద సాక్ష్యమే ఉంది. 1970లో ఎరిక్ క్లాప్టన్ నాష్‌విల్‌లో కొన్ని పాత ఫెండర్ స్ట్రాటోకాస్టర్లు కొన్నాడు. స్నేహితులకి పంచగా మిగిలిన మూడింటిని విప్పి, మంచి భాగాలన్నీ కలిపి ఒకటి బిగించుకున్నాడు. దాని పేరు బ్లాకీ. 2004లో వేలంలో అది 9,59,500 డాలర్లకి పోయింది. ఆ మూడు గిటార్ల కోసం ఎవరూ ఏడవలేదు.

అది ఫ్యాక్టరీ సరుకు కదా, అందుకే ఎవరికీ నొప్పి కలగలేదు అనుకున్నాను. నాది ఒక మనిషి చేసింది. నేను కోస్తే ఆ మనిషి పనిని కోసినట్టు. కానీ ఈ సమాధానం ఎంతోసేపు నిలబడలేదు. ఫెండర్ ఫ్యాక్టరీలో అబిగైల్ ఇబర్రా అనే ఆవిడ 1956లో చేరి, కొన్ని దశాబ్దాల పాటు పికప్‌లు చుట్టింది. ఆవిడ చుట్టిన పికప్‌ల కోసం ఇప్పుడు జనం వెతుక్కుంటారు. అంటే ఫ్యాక్టరీలో కూడా ఉన్నవి చేతులే. మనం చూడలేదు, అంతే. ముఖం తెలిసిన మనిషి పనికి ఒక నీతి, తెలియని మనిషి పనికి ఇంకో నీతీనా? చిన్న మేకర్ దగ్గర మనకి అదనంగా దొరికేది పవిత్రత కాదు, ఒక ఫోన్ నంబరు.

ఆ నంబరు ఎంత విలువైందో తెలియాలంటే జెర్రీ గార్సియా, డగ్ ఇర్విన్‌ల కథ చెప్పుకోవాలి. గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్ గిటారిస్ట్ గార్సియాకి 1973లో ఇర్విన్ ఒక గిటార్ చేసిచ్చాడు. గార్సియా దాని మీద ఒక కార్టూన్ తోడేలు స్టికర్ అంటించేశాడు. నెలల తరబడి చేసిన పని మీద స్టికర్! ఇంకొకరైతే అలిగేవారేమో. తర్వాత ఆ గిటార్ మళ్లీ తన బల్ల మీదకి వచ్చినప్పుడు ఇర్విన్ అదే తోడేలుని చెక్కలో పొదిగి పెట్టాడు. గిటార్ పేరే 'వుల్ఫ్' అయిపోయింది. ఆ బొమ్మ ఎవరిది? అంటించినవాడిదా, పొదిగినవాడిదా? ఇది వాళ్లిద్దరూ మాటల్లేకుండా చేసుకున్న సంభాషణ అనిపిస్తుంది నాకు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. 1995లో గార్సియా చనిపోయాడు. ఇర్విన్ చేసిన గిటార్లు ఇర్విన్‌కే వెళ్లాలని వీలునామాలో రాశాడు. అవి బ్యాండ్ ఆస్తి, ఇవ్వడానికి కుదరదంది బ్యాండ్. వివాదం కోర్టుకెక్కింది. చేసింది ఒకరు, వాయించింది ఒకరు, మా సొమ్ము అన్నది ఇంకొకరు. మనిషి తన శ్రమని దేనిలో కలుపుతాడో అది అతనిదవుతుందని పదిహేడో శతాబ్దంలో జాన్ లాక్ వాదించాడు. ఆ లెక్కన ఇర్విన్ ఉలి శ్రమే, గార్సియా వేళ్లు వేల గంటలు ఆ ఫ్రెట్లని అరగదీయడమూ శ్రమే. లాక్ దగ్గర ఈ తగువుకి తీర్పు దొరకదు. చివరికి 2001లో రాజీ కుదిరి, వుల్ఫ్, టైగర్ అనే రెండు గిటార్లు ఇర్విన్‌కి వచ్చాయి. ఆయన ఉంచుకోలేదు. మరుసటేడు న్యూయార్క్ వేలంలో వుల్ఫ్ దాదాపు 7.9 లక్షల డాలర్లకి, టైగర్ దాదాపు 9.6 లక్షలకి వెళ్లిపోయాయి. చేసినవాడికే తిరిగివ్వాలన్న గార్సియా కోరిక అందంగా ఉంది. అమ్ముకున్న ఇర్విన్‌ని తప్పుపట్టే హక్కు మాత్రం మనకి లేదు. పనివాడికి పని మీద ప్రేమ ఉండాలి, అవసరాలు మాత్రం ఉండకూడదు అనుకోవడం కొనుక్కున్నవాడి దురాశ.

ఇదంతా విని, అసలు వాద్యాన్ని మార్చకూడదంటున్నాననుకోకండి. మార్చకపోతే పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మనకి ఉండేవాడు కాదు. మాండలిన్‌కి రెండేసి తీగల చొప్పున నాలుగు జతలుంటాయి. జతగా ఉన్న తీగల మీద గమకం లాగడం కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, ఐదో తీగ చేర్చుకున్నాడు. వాద్యాన్ని పాడు చేశాడని ఇవాళ ఎవరంటారు? ఆయన చెవిలో ఒక రాగం ఉంది, అది ఆ తీగల మీద పలకలేదు. మార్పు అక్కణ్ణించి పుట్టింది.

నా మార్పు ఎక్కణ్ణించి పుట్టింది? నిజం చెప్పాలంటే, రాత్రి పదకొండింటికి ఫోన్‌లో పికప్‌ల వీడియోలు చూస్తుంటే పుట్టింది. ఆ నెలలో గిటార్ వాయించిన గంటల కంటే గిటార్ గురించి చూసిన గంటలే ఎక్కువ. కొత్త పార్ట్ కొనడం సాధన చేసినట్టే అనిపిస్తుంది, వేళ్లు మాత్రం నొప్పెట్టవు.

ఆ సాయంత్రం మేకర్‌కి ఫోన్ చేశాను. "అన్నా, బ్రిడ్జ్ దగ్గర హమ్‌బకర్ పెట్టిద్దామనుకుంటున్నా. కోయాలి. మీకు చెప్పకుండా చెయ్యబుద్ధి కాలేదు."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఏ పాటకి తమ్ముడూ?" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు.

ఆయన కోప్పడలేదు. హమ్ ఒక్కటే బాధైతే, ఒక కాయిల్ కింద ఇంకో కాయిల్ పేర్చిన రకం ఉంటుంది, ఉన్న గాడిలోనే పడుతుంది, చెక్క ముట్టుకోనక్కర్లేదు అన్నాడు. లేదు, ఆ లావు శబ్దమే కావాలంటే గిటార్ తీసుకురా, నేనే కోస్తా అన్నాడు. "కానీ మూడు నెలలు వాయించి రా. ఏం వినపడట్లేదో చెప్పు. అప్పుడు కోద్దాం." ఆయన అనుమతి ఇవ్వలేదు, నేను అడగనూ లేదు. చెప్పడానికీ అడగడానికీ మధ్య ఉన్న ఆ కాస్త చోటే మంచి వస్తువుని చేసినవాడికీ, కొన్నవాడికీ మధ్య మిగిలే బంధం అనుకుంటా. ఇబర్రాలాంటి వాళ్లకి ఫోన్ చెయ్యలేం. అయినా అదే ప్రశ్న మనకి మనం వేసుకోవచ్చు.

తీగలు మళ్లీ ఎక్కించాను. ఇప్పుడు రెండో నెల నడుస్తోంది. హమ్ అలాగే ఉంది. ఒక పాటలో, చివరి చరణం దగ్గర, ఈ పికప్ నిజంగానే సన్నగా వినిపిస్తోంది, కాబట్టి కోయిస్తానేమో కూడా. కోయిస్తే మాత్రం, నెక్ కింద ఆయన పేరు పక్కనే ఆ రోజు తేదీ, ఆ పాట పేరు రాయమని అడుగుతాను. నా తర్వాత ఈ గిటార్ ఎవరి చేతికి వెళ్తుందో గానీ, ఈ చెక్క ఎందుకు కోశారో వాళ్లకి తెలియాలి కదా.