పళిసపిట్టలు ఎరిగిన కాలము

ధ్యాన భాగము: యిర్మీయా 8వ అధ్యాయము, 7వ వచనము



మాఘమాసము వచ్చుసరికి మా దేవాలయములో సగము చాపలు ఖాళీగా నుండును. ఆదోని, కోసిగి, మంత్రాలయము వైపు సంఘములవారికి దీని కారణము చెప్పనక్కరలేదు. ఊరిలో పని లేదు. ఇండ్లకు తాళములు వేసి, పిల్లలను వెంటబెట్టుకొని, మనవారు గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోయియున్నారు. ముసలివారును, గొడ్లును, నేనును మిగిలితిమి.

మనవారు కూటికొరకు ఊరు విడిచిన ఆ దినములలోనే, వేరొక దేశపు పక్షులు కూటికొరకు మన జొన్నచేలమీద మబ్బువలె దిగును. వాటినే పళిసపిట్టలందురు. గోరువంక యంత పిట్ట; తల, రెక్కలు నలుపు, వీపును కడుపును గులాబి రంగు. వందలు వేలుగా వచ్చి వ్రాలును. మంచెమీది పిల్లవాడు వడిసెల త్రిప్పి కేక వేయగానే ఒక్కసారి లేచి, ఆకాశమున గిర్రున తిరిగి, ప్రక్క చేనిలో దిగును. పంట గలవానికి వాటిమీద ప్రేమ ఉండదు, ఉండవలెనని నేను చెప్పను. అయితే జొన్న గింజలే కాదు, మిడతలను కూడ అవి విశేషముగా తినును. చైనా దేశపు పశ్చిమ భాగమున మిడతల బాధ పోవుటకై ఈ పిట్టలు గూళ్లు పెట్టుకొనునట్లు రాళ్లగుట్టలు పేర్చియుంచుదురు. మేయు మందల వెంట తిరిగి, గిట్టల క్రిందనుండి లేచు పురుగులను ఏరుకొని తినును గనుక, శాస్త్రజ్ఞులు వీటికి లాటిను భాషలో పాస్టర్ అని పేరు పెట్టిరి. అనగా గొర్రెల కాపరి. ఇది తెలిసినది మొదలు వాటిని తోలుటకు నాకు చేయి రాకున్నది!

చలి తగ్గుచుండగా వీటిని కనిపెట్టి చూడుడి. మార్గశిరములో మాసినట్లుండిన గులాబి రంగు ఫాల్గుణమునకు తేటపడును. ఈకల చివరలు అరిగిపోయి లోపలి రంగు బయటపడుటయే దానికి కారణము. క్రొత్త బట్ట కట్టుకొనుట కాదు, పాతది అరుగుటయే. బూరుగు పూలలోను మోదుగ పూలలోను ముక్కు పెట్టి తేనె త్రాగును. చిన్న గుంపులు కలిసి పెద్ద గుంపులగును. సాయంకాలమున చెట్టుమీద వాటి గోల సంతను మించును. ఒక ఉదయమున చూడగా చెట్టు ఖాళీ. మధ్య ఆసియాలోని గడ్డి మైదానములకు, వేల మైళ్లు, ప్రయాణమై పోయినవి. నందికొట్కూరు వైపు రోళ్లపాడులో, 1988లో బట్టమేక పిట్టలకొరకు అభయారణ్యముగా ఏర్పరచిన ఆ పచ్చిక బయళ్లలో, రాత్రులు నేలమీదనే పడుకొను పిల్లిగద్దలును ఇదే కాలమున ఉత్తరమునకు మరలును. కోయిల సంగతి వేరు. అది ఎక్కడికిని పోదు. చలికాలమంతయు మన చెట్లలోనే నోరు మూసుకొనియుండి, ఎండ ముదరగానే గొంతు విప్పును.

యిర్మీయా ప్రవక్త ఇట్టివాటిని కన్నులార చూచినవాడు. ఆయన ఊరైన అనాతోతు యెరూషలేమునకు దగ్గర. ఆఫ్రికానుండి ఉత్తర దేశములకు పోవు కొంగలు చలికాలము ముగియగానే ఆ దేశము మీదుగానే పోవును. సంకుబుడి కొంగకు తన కాలము తెలియును, గువ్వకు తెలియును, నా జనులకు మాత్రము తెలియలేదని ఆయన దుఃఖము. ఆ వచనములోని ఓదెకొరుకు ఏ పిట్టయని సెమినరీలో మా ఉపాధ్యాయుని నేనడుగగా, ఆయన నవ్వి, మీ ఊరి గొర్రెలవానిని అడుగుమనిరి. కొంగల విషయమైతే దూరము పోనక్కరలేదు. చిలమత్తూరు దగ్గర వీరాపురమునకు ఎర్రకాళ్ల కొంగలు యేటేట చలికాలమున వచ్చి, ఇండ్ల నడుమ చింతచెట్లమీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని పోవును. ఆ ఊరివారు వాటి జోలికి పోరు.

ఇప్పుడు మా సంఘములోని సంగతి. ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి వేయించిన బోరు ఒక్కటే. నీళ్ల వంతు దగ్గర మాట మాట పెరిగి, రెండు సంవత్సరములుగా పలుకులు లేవు. బల్లయొద్ద ఇద్దరును చెరియొక ప్రక్క కూర్చుందురు. క్రిస్మసుకు ముందు నేను అన్న యింటికి పోయి మాటలాడితిని. "ఉగాది పోనీ అయ్యగారూ, చూద్దాం" అనెను. నేనును సరే యని లేచితిని. అక్కడ గట్టిగా కూర్చుండవలసినది. నా తప్పు అదే. ఉగాదికి చాల దినములున్నవని అతడెంత అనుకొనెనో నేనును అంతే అనుకొంటిని. సంక్రాంతి కాగానే తమ్ముడు భార్యాపిల్లలతో సుగ్గికి పోయెను. పోవునపుడు అన్న గడప ముందునుండియే నడిచెనట. అన్న లోపలనే ఉండెనట.

గడచిన గురువారమున మా చెరువు గట్టుమీది తుమ్మచెట్లు ఖాళీ అయినవి, పళిసపిట్టలు పోయినవి. ఆదివారము ఆరాధనలో ఈ వచనమే చదివితిని. అతని పేరెత్తలేదు, అతనివైపు చూడనులేదు. సాయంకాలము దీపాలవేళ అతడు మా అరుగుమీదికి వచ్చి చాలసేపు ఊరకనే కూర్చుండెను. మా వేపచెట్టులో కోయిల పలుకుచున్నది.

"అయ్యగారూ, వానికి ఫోను చేసే నంబరు మీ దగ్గరుందా?" అని అడిగెను.

నేనే నంబరు నొక్కి ఫోను అతని చేతికిచ్చితిని. మ్రోగినది, ఎవరును ఎత్తలేదు. చేలనుండి ఇంకను రాలేదేమోనంటిని.

"సరే, కూర్చుంటా. మళ్ళా చేద్దాం" అనెను.

మా ఇంటామె అతనికి కూడ అన్నము వండెను.