గొడ్డలి ఎక్కడ పడినది?

ధ్యాన భాగము: 2 రాజులు 6:1–7



ఎలీషా దినములలో ప్రవక్తల శిష్యులు నివసించు స్థలము వారికి ఇరుకాయెను. యొర్దాను నొద్ద మ్రానులు నరికి వేరొక నివాసము కట్టుకొనవలెనని వారు బయలుదేరిరి. తమతో కూడ రమ్మని బ్రతిమాలగా గురువు వారి వెంట వెళ్లెను. అక్కడ ఒక శిష్యుడు మ్రాను నరుకుచుండగా గొడ్డలి ఊడి నీట మునిగెను. అతడు కేక వేసెను. ఇనుము పోయినందుకే కాదు ఆ కేక. ఆ గొడ్డలి అతనిది కాదు, ఎరవు తెచ్చినది. బీద విద్యార్థి చేతిలో నున్నది చాలవరకు ఎరవు సొమ్మే గదా!

ఈ శిష్యుని గురించి ఈ నెల ధ్యానింపవలెనని మాకు తోచినది. ఏలయనగా ఇట్టివారు మన సంఘములోనే యున్నారు. వారి గొడ్డలి మహమ్మారి దినములలో నీట పడినది.

11 మార్చి 2020న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా ప్రకటించెను. ఆ నెలలోనే మన రాష్ట్రమున కళాశాలలు మూతపడెను. 25వ తేదీ నుండి దేశమంతయు లాక్‌డౌనులో నుండెను. వాల్మీకిపురములో ఉదయమే బస్సెక్కి మదనపల్లెకు చదువబోవు పిల్లలు ఇంట కూర్చుండిరి. తిరుపతిలోను బెంగళూరులోను హాస్టళ్లలో నున్నవారు పెట్టెలు సర్దుకొని వచ్చిరి. పది పదునైదు దినములే అనుకొంటిమి. అవి నెలలాయెను. చివరి సంవత్సరపు విద్యార్థులు పరీక్షలు వ్రాయవలెనో అక్కరలేదో తెలియక వేసవి గడిపిరి. పరీక్ష లేకుండ పట్టా ఇయ్యరాదని 28 ఆగస్టు 2020న సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన తరువాతనే ఆ సందేహము తీరెను. తరువాత తలుపులు కొంచెము కొంచెముగా తెరువబడెను గాని, 2021 వేసవిలో రెండవ అల వచ్చి మరల మూయించెను.

ఈ మధ్యకాలములో చదువు సెల్‌ఫోనులోనికి వచ్చెను. ఇంటికి ఒకటే ఫోను. తండ్రి దానిని పనికి తీసికొనిపోవును. ఇంట ముగ్గురు పిల్లలకు మూడు పాఠములు. సిగ్నలు కొరకు కొందరు మిద్దె యెక్కిరి, కొందరు చెరువుకట్టకు పోయిరి. రీఛార్జి డబ్బు లేనినాడు పాఠము లేదు. కొందరు టమోటా తోటలలో కూలికి పోయి ఆ డబ్బుతోనే ఫోను వేయించుకొనిరి. కొందరు ఆడపిల్లలకు, ఇంట నున్నారు గదా అని, పెండ్లి చేసి పంపిరి.

ఇంటి పెద్దను పోగొట్టుకొనినవారి సంగతి వేరు. ఇరువురు తలిదండ్రులను కోల్పోయిన పిల్లలకు కేంద్ర ప్రభుత్వము మే 2021లో సహాయము ప్రకటించెను. అది మంచి కార్యమే. అయితే అది పదునెనిమిది ఏండ్లలోపు పిల్లలకు. పందొమ్మిదవ ఏట తండ్రిని పాతిపెట్టి, తల్లిని తమ్ముని పోషింపవలసిన డిగ్రీ విద్యార్థి ఆ లెక్కలోనికి రాలేదు. అట్టివానిని లెక్కింపవలసినది ఎవరు? సంఘమే గదా!

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసి యున్నది. మా సంఘములో డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచుండిన ఒక కుమారుడు కలడు. పాఠముల కొరకు మేనమామ ఫోను అడిగి తెచ్చుకొనెను. ఒకనాడు అది చేజారి పగిలెను. బాగుచేయించుటకు డబ్బు లేదు, మేనమామతో చెప్పుటకు నోరు రాలేదు. ఎవరికిని చెప్పక బెంగళూరికి పనికి పోయెను. 2021 క్రిస్మసుకు ఆరాధనకు వచ్చినప్పుడు మేము అతనిని పలుకరించిన మొదటి మాట, చదువు ఎందుకు మానితివని. అదియు పదిమంది ఎదుట. అతడు తల వంచుకొని బయటికి నడిచెను. చాల నెలల వరకు గుడి మెట్లు ఎక్కలేదు. పగిలిన ఫోను సంగతి తరువాత వాని తల్లి చెప్పగా మాకు తెలిసినది. ఆ రాత్రి ఈ వాక్యభాగము చదివి సిగ్గుపడితిమి.

ఎలీషా ఏమి చేసెనో చూడుడి.

మొదటిది, అతడు వారితో కూడ వెళ్లియుండెను. గురువు యొర్దానుకు రాకుండ ఇంటనే యుండినయెడల ఆ కేక ఎవరు వినియుందురు? మనము పిల్లలను కళాశాలకు పంపుచున్నాము గాని వారితో నడచుచున్నామా?

రెండవది, అతడు గద్దింపలేదు. పిడి ఏల సరిచూచుకొనలేదని గాని, ఇతరుల సొమ్ము ఏల తెచ్చితివని గాని అనలేదు. అది ఏ చోట పడినదని మాత్రమే అడిగెను. ఎందుకు పోగొట్టితివను ప్రశ్న మనుష్యుని పారద్రోలును. ఎక్కడ పడినదను ప్రశ్న అతనిని దగ్గరకు తీసికొనును. ఆ శిష్యుడు చోటు చూపెను. ఎలీషా కొమ్మ నరికి సరిగా అక్కడనే వేసెను. ఒకరికి ఆ చోటు ఫీజు బాకీ. ఒకరికి తప్పిపోయిన రెండు పేపర్లు. ఒకరికి పాతిపెట్టిన తండ్రి. ఒకరికి ఎవరితోను చెప్పని భయము. చోటు తెలియక వేసిన కొమ్మ వలన ప్రయోజనము లేదు.

మూడవది, ఇనుము తేలిన తరువాత దానిని ఎలీషా తీసి ఇయ్యలేదు, నీవే తీసికొనుమనెను. శిష్యుడు తన చెయ్యి చాపెను. మన సహాయము విద్యార్థిని భిక్షగానిగా చేయరాదు. అతని పనిముట్టు మరల అతని చేతికి రావలెను.

ఇట్టి పని మన ప్రాంతమునకు కొత్త కాదు. 1915లో మదనపల్లెలో అనీబిసెంటమ్మగారి కళాశాల ఆరంభమాయెను. అదే సంవత్సరమున సమీపమందలి ఆరోగ్యవరములో యూనియన్ మిషన్ క్షయ శానటోరియము తెరువబడెను. క్షయను నయము చేయు మందు ఇంకను కనుగొనబడని కాలమది. యౌవనులు చదువును పనిని విడిచి, నెలల తరబడి మంచముమీద పరుండవలసి యుండెను. డాక్టరు ఫ్రిమొడ్‌మొల్లరుగారును తోటి సేవకులును అట్టివారి దగ్గర నిలిచిరి. ఆ పేరులోని యూనియన్ అను మాట వేర్వేరు మిషనులు తమ భేదములు ప్రక్కనబెట్టి కలిసికొనిన సంగతిని నేటికిని చెప్పుచున్నది. మన తాతల దినములలో అది జరిగినయెడల మన దినములలో ఏల జరుగరాదు?

కాబట్టి సంఘపెద్దలకు, స్త్రీల సమాజమునకు, యౌవనుల కూడికకు మా మనవి. 2020లోను 2021లోను కళాశాలలో నుండిన మన బిడ్డల పేర్లు ఒక కాగితముమీద వ్రాయుడి. వారు ఇప్పుడు కుటుంబస్థులై యుండవచ్చును. అయినను పట్టా చేతికి రానివారు ఎవరో కనుగొనుడి. ఒంటరిగా కూర్చుండబెట్టుకొని నెమ్మదిగా అడుగుడి. మిగిలిన పేపర్లు వ్రాయుటకు గడువు కలదో లేదో కళాశాల ఆఫీసుకు వారితో కూడ వెళ్లి తెలిసికొనుడి. లేనియెడల దూరవిద్య మార్గమును విచారించుడి. పెండ్లయిన కుమార్తెల విషయములో భర్తతోను అత్తమామలతోను మర్యాదగా మాటలాడుడి.

బెంగళూరి కుమారునియొద్దకు మేము వెళ్లితిమి. క్షమింపుమని అడిగితిమి. చాలసేపు అతడు మాటలాడలేదు. తరువాత రెండు పేపర్లు మిగిలియున్నవని చెప్పెను. అతని గొడ్డలి పడిన చోటు మాకు చూపెను. ఆ పేపర్లు అతడు ఇంకను వ్రాయవలసి యున్నది. అతని కొరకు ప్రార్థించుడి.

నీట వేయబడిన ఆ కొమ్మలో మన పెద్దలు సిలువ మ్రానును చూచిరి. మనము మునిగిన చోటికే దిగివచ్చిన ప్రభువు, మునిగిన మన బిడ్డలను తేల్చును గాక. వారు చాపిన చేతిని బలపరచును గాక. ఆమేన్.