స్పర్ధయు మాత్సర్యమును

మనుష్యునికి లోపలి శత్రువులని మన పెద్దలు లెక్కించినవి యాఱు: కామము, క్రోధము, లోభము, మోహము, మదము, మాత్సర్యము. ఈ లెక్కలో మాత్సర్యమునకు చోటు గలదు; స్పర్ధకు లేదు. పరుని మేలు చూచి యోర్వలేకుండుట మాత్సర్యము. పరుని మేలు చూచి, అంతటి మేలునో అంతకు మించిన మేలునో తానును సాధింపవలెనని పూనుకొనుట స్పర్ధ. మొదటిది యెదుటివాడు పడిపోయిన చాలునని కోరును. రెండవది తాను లేచి నిలువవలెనని కోరును. ఇంత భేదమున్నను లోకవ్యవహారమున నీ రెండును తఱచుగ నొకదానికొకటి మాఱుపేరై చెల్లుచున్నవి. అందును ఆడుపిల్లల పెంపకమున నీ పొరపాటు మిక్కుటము.

మగపిల్లవాడు తోడివారిని మించవలెనని పట్టుపట్టెనా, వానిని పౌరుషవంతుడని మెచ్చుకొందుము. ఆ గుణమునకు పెట్టిన పేరే పురుషశబ్దమునుండి పుట్టినది. ఆడుపిల్ల యట్లే పట్టుపట్టెనా, ఓర్వలేనిదని శంకింతుము. కావున తెలివిగల బాలిక తన తెలివిని కొంత దాచుకొనుట నేర్చుకొనును; చెలికత్తెకంటె బాగుగ పాడగలిగియు గొంతు తగ్గించి పాడును. దీనినే మనము వినయమందుము. శక్తి యుండియు గర్వపడకుండుట వినయము గాని, శక్తినే మఱుగుపఱచుట వినయమెట్లగును? స్నేహితురాలితో పోటీపడినచో స్నేహము చెడునను భయమే దీనికి మూలము. ఆ భయమున కాధారము కలదా యను ప్రశ్నను ఊహలతో గాక, జరిగిన సంగతులతో విచారింపదలచితిమి. పోటీ దాచుటకు వీలులేని చోటు ఆటస్థలము. అందుచేత అమెరికాలోని యొక విశ్వవిద్యాలయపు యువతుల ఫుట్‌బాల్ జట్టు చరిత్రను చదువరుల యెదుట నుంచుచున్నాము.

1972 జూన్ 23వ తేదీన అమెరికా అధ్యక్షుడు నిక్సన్ యొక విద్యాశాసనముపై సంతకము చేసెను. అందులోని తొమ్మిదవ ప్రకరణము, ప్రభుత్వ ధనము పుచ్చుకొను విద్యాసంస్థలలో స్త్రీపురుష భేదము పాటించి యెవరిని వెలివేయరాదని విధించినది. ఆ ప్రకరణపు మూలవాక్యమున ఆటల ప్రసక్తియే లేదు. అయినను దాని ఫలము మొట్టమొదట లోకమునకు స్పష్టముగ కనబడినది ఆటస్థలములందే. అంతవఱకు యువకులకే విడిచియున్న మైదానములలో యువతులకును పాలు పంచియీయవలసి వచ్చెను. చాపెల్ హిల్ పట్టణమందలి నార్త్ కరోలినా విశ్వవిద్యాలయమున యువతుల ఫుట్‌బాల్ జట్టు 1979లో ఏర్పడినది. 1982లో జాతీయ కళాశాలల క్రీడాసంఘము స్త్రీలకు ఫుట్‌బాల్ పోటీలు మొదటిసారి నడిపినపుడు వచ్చిన జట్లు 12 మాత్రమే. వానిలో నీ జట్టే గెలిచెను. 1986 మొదలు 1994 వఱకు వరుసగా తొమ్మిదేండ్లు ఆ జాతీయవిజయము దీనిదే.

ఈ జట్టునకు శిక్షకుడు ఆన్సన్ డోరెన్స్. ఆయన యువకుల జట్టునకును పలు సంవత్సరములు శిక్షణమిచ్చినవాడు. రెండు జట్లను చూచిన యాయనకు ఒక భేదము తోచినది. యువకులు అభ్యాసమునందును తోడివానిని ఓడింప నుత్సహించెడివారు. యువతులు పరజట్టుతో ప్రాణమొడ్డి పోరాడియు, అభ్యాసమున తమ చెలికత్తెను ఓడించుటకు వెనుదీయుచుండిరి. చేతగాక కాదు, చేసినచో చెలిమి యేమగునోయను సంకోచము. ఇది మన యిండ్లలోని బాలికయు నెఱిగిన సంకోచమే. డోరెన్స్ దీనికొక యుపాయము పన్నెను. పరుగు, బంతిని పట్టి యుంచుట, ఒకరినొకరు దాటిపోవుట మొదలగు ప్రతి యభ్యాసమునకును గుణములు వేసి, ఎవరిది మొదటి స్థానమో, ఎవరిది కడపటి స్థానమో అందఱు చూచునట్లు పట్టిక వ్రాసి యంటింప జొచ్చెను. కాగుచున్న కొప్పెర యను నర్థము వచ్చు పేరుతో ఆ పద్ధతి ప్రసిద్ధికెక్కినది. పోటీపడుట యొకరి దుర్బుద్ధి కాదు, అందఱి విధి యని చెప్పినట్లయ్యెను. విధియైన పిమ్మట దాచవలసిన పని లేకపోయెను.

ఇట్టి కొప్పెరలో చెలిమి మాడి మసియగునని యెవరైన నూహింతురు. 1992వ సంవత్సరపు ఆటలను చూడుడు. ఆ యేడు ఈ జట్టు 25 ఆటలాడి 25 గెలిచెను. తుదిపందెమున ఇరుగుపొరుగుననే యున్న డ్యూక్ విశ్వవిద్యాలయమును 9 గోళ్ళకు 1 గోలుగ నోడించెను. జట్టులో మేటి మియా హామ్. పైని చెప్పిన శాసనము పుట్టిన 1972వ సంవత్సరముననే యామెయు పుట్టినది. ఆ యేడామె కొట్టిన గోళ్ళు 32. ఈ సంఖ్యను పలువురు చెప్పుకొందురు. దాని ప్రక్కనే యున్న వేఱొక సంఖ్య మాకు ముఖ్యము. తోడివారు గోలు కొట్టుటకు తా నందించిన బంతులు 33. తీసికొన్నదానికంటె ఇచ్చిన దొకటి యెక్కువ. అభ్యాసమున దినదినము తోడివారిని మించుటకు పాటుపడిన యువతియే, పందెమున గోలుముందఱ నిలిచి, తనకంటె మంచి చోటనున్న చెలికత్తెను చూచి బంతి నామె కప్పగించుచుండెను. మాత్సర్యమున్నచో ఆ యొక్క క్షణమున బయటపడవలసినదే. 33 మారులు పడలేదు.

దేశమందలి కళాశాలల క్రీడాకారిణులలో ఉత్తమురాలి కిచ్చు హెర్మన్ బహుమానము 1991లో క్రిస్టీన్ లిల్లీకిని, 1992లోను 1993లోను మియా హామ్‌నకును, 1994లో టీషా వెంచురీనికిని లభించినది. ముగ్గురును ఈ జట్టువారే. 1992లో ముగ్గురును కలిసి యాడినవారే. ఒక గూటిలో నుండి యొకే పండునకు ముగ్గురు చేయి చాచిన యెడల కలహము తప్పదని లోకోక్తి వంటి నమ్మకము. వీరో, 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో దేశమునకు స్వర్ణపతకము తెచ్చిన జట్టున ముగ్గురును కలిసి యుండిరి. 1999 జూలై 10వ తేదీన పాసడీనా పట్టణమున 90,185 మంది ప్రేక్షకుల యెదుట ప్రపంచవిజయము సాధించిన జట్టునను ముగ్గురును కలిసియే యుండిరి. పోటీ చెలిమిని చంపునదైన, ఇన్నియేండ్లు ఇది బ్రతికియుండవలసినది కాదు.

ఈ రెండు విజయములందును నాయకురాలైన కార్లా ఓవర్‌బెక్ కూడ ఈ కళాశాల బిడ్డయే. ఆమె చదివిన నాలుగేండ్లలో, అనగా 1986 మొదలు 1989 వఱకు, జట్టు 89 ఆటలు గెలిచెను, 6 సమములైనవి, ఓటమి యొక్కటియు లేదు. జాతీయజట్టునకు నాయకురాలైన పిదప, పరస్థలములకు పోయి బసచేరినపుడు తోడివారి పెట్టెలను తానే మోసి వారి గదులకు చేర్చెడిదట. అదే నాయకురాలు మఱునాటి యభ్యాసమున ఎవరి సోమరితనమును సహించెడిది కాదు. నిన్న పెట్టె మోసిన చేయి గావున నేటి మందలింపు నెవరును తప్పుపట్టలేదు. తరువాత చిరకాలము ఆమె శిక్షకురాలుగ పనిచేసినది, తన కళాశాలకు బద్ధప్రతిపక్షమైన డ్యూక్ విశ్వవిద్యాలయమున. ప్రతిపక్షము శత్రువు కాదని చెప్పుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము మాకు దొరకలేదు.

ఇక నీ పద్ధతిపై రాదగిన ఆక్షేపణలు బలహీనములు కావు. పట్టిక యున్న చోట మొదటి పేరుతో పాటు కడపటి పేరును ఉండక తప్పదు. దినదినము తన పేరడుగున చూచుకొను బాలిక గతి యేమి? ఆమెకు కొలత గుండెకోత కాదా? దీనికి మా సమాధానమిది. కొలత చేతకు గాని మనిషికి గాదు. ఈ దినము నీ పరుగు ఇంతయని చెప్పుట సత్యము. నీవింతే యని చెప్పుట అసత్యము. ఈ రెంటికి నడుమ గీత గీయగల పెద్దలు లేనిచోట పట్టిక లేకుండుటయే మేలు. పలువురు పిల్లలను మన పాఠశాలలలోని మార్కులు క్రుంగదీయుటకు కారణము మార్కులు కావు. వానిని జూచి తలిదండ్రు లిచ్చు తీర్పులు.

రెండవ ఆక్షేపణ మఱింత గంభీరము. కొలుచువానిని కొలుచు వారెవరు? ఈ జట్టు కీర్తిలో నొక చీకటి భాగము గలదు. జట్టున ఆడిన ఇరువురు యువతులు 1998లో శిక్షకునిపైని, విశ్వవిద్యాలయముపైని వ్యాజ్యము వేసిరి. క్రీడాకారిణుల స్వవిషయములనుగూర్చి అనుచిత ప్రసంగములు జరిగెనని వారి యభియోగములలో నొకటి. వేధింపు జరుగలేదని శిక్షకుడు వాదించెను. ఒకరి వ్యాజ్యము 2004లోను, వేఱొకరిది 2008లోను రాజీతో ముగిసినవి. 2008 నాటి రాజీలో అట్టి సంభాషణలలో తాను పాల్గొన్నందులకు శిక్షకుడు లిఖితపూర్వకముగ క్షమాపణ చెప్పెను. ఇన్ని విజయములు తెచ్చినవాని కింత మాత్రము క్షమింపరాదా యని యడుగువారు అప్పుడు నుండిరి, ఇప్పుడు నుందురు. విజయములు జట్టువి, తప్పు తప్పుచేసినవానిది. విజయముల త్రాసులో తప్పును తూచుట ధర్మము కాదు. మఱియొక సంగతి. బాలికకు మైదానమున వెనుదీయవలదని నేర్పినవారు, మైదానము వెలుపలను ఆమె వెనుదీయదని యెఱుగవలెను. ఎదుట నిలిచి ఆడు ధైర్యమును, ఇది నాకు సమ్మతము కాదని చెప్పు ధైర్యమును ఒక్కటే. మొదటిదానిని మెచ్చి రెండవదానిని గర్హించువారు ఆమె బలమును కోరినవారు కారు, ఆమె తెచ్చు బహుమానములను కోరినవారు.

స్పర్ధ మాత్సర్యము కాదని చెప్పుటకు కడపటి సాక్ష్యము ఓటములలో నున్నది. 1990లో కనెక్టికట్ జట్టు దీని నోడించెను. అంతకు ముందు వరుసగా 103 ఆటలలో నీ జట్టున కోటమి లేదు. 1995లో నోటర్‌డేమ్ జట్టు చేతనోడి, తొమ్మిదేండ్లుగా చేతనున్న విజయమును విడిచెను. ఈ జట్టును మించవలెనని తక్కిన కళాశాలలు పూనుకొనినందున ఆట యెదిగినది. 1982లో 12 జట్లతో మొదలైన తుదిపోటీలు 2001 నాటికి 64 జట్లతో జరిగినవి. మాత్సర్యముతో నింత పెరుగుదల సాధ్యము కాదు. అది యెదుటి దీపమును ఆర్పునే గాని తన దీపమును వెలిగింపదు. డోరెన్స్ 2024లో విరమించెను. ఆ యేడే క్రొత్త శిక్షకుని క్రింద ఆ జట్టు, వేక్ ఫారెస్ట్ జట్టుపై ఒక్క గోలుతో గెలిచి, ఆ సంఘపు పోటీలలో 22వ జాతీయవిజయమును పొందెను. బలము ఒక గురువునది మాత్రమే కాదనుటకును ఇది నిదర్శనము.

కావున తలిదండ్రులకు మేము విన్నవించున దిది. ఆడుపిల్ల తోడివారిని మించగోరినపుడు మందలింపకుడు. ఆ కోరికకు మాత్సర్యమని పేరు పెట్టకుడు. అట్లని గెలుపొక్కటే యడిగి యూరకుండుటయు తగదు. బిడ్డ యాటనుండి యింటికి వచ్చినపుడు, ఎన్ని గోళ్ళు కొట్టితివని యడుగుట యందఱికి నలవాటే. ఎవరికి బంతి నందించితివని కూడ నడుగుడు. ఈ రెండు ప్రశ్నలకును సంతోషముతో సమాధానము చెప్పగల బాలికవలన ఆమె చెలికత్తెలకు గాని, ఆమె చేరబోవు గృహమునకు గాని భయపడవలసిన దేమియు లేదు.