కల్పించినవాడా, కనుగొన్నవాడా?

కళాకారుడు తన కృతిని “నాది” అని చెప్పుకొనుటకు హక్కు ఎంతవరకు కలదు? ఈ ప్రశ్న ప్రాచీనమైనదే. గణితసూత్రములనుండి కంప్యూటరు తెరపై పుట్టు చిత్రకళ దానికి కొత్త పదును పెట్టినది.

భాగమును పెద్దది చేసి చూచినపుడు మొత్తముయొక్క పోలిక అందు మరల కానవచ్చు రూపమునకు ఫ్రాక్టల్ అని పేరు. 1975లో బెన్వా మాండెల్‌బ్రాట్ ఈ పేరు పెట్టెను. ఆయన పేరుతో ప్రసిద్ధమైన సమితికి సూత్రము మిక్కిలి చిన్నది. సున్నతో ఆరంభించి, వర్గము చేసి, ఒక స్థిరసంఖ్యను కలుపవలెను. వచ్చిన ఫలితమును మరల వర్గము చేసి అదే సంఖ్యను కలుపవలెను. ఎన్నిమార్లు చేసినను ఫలితము హద్దు దాటనిచో ఆ సంఖ్యను సూచించు బిందువు సమితిలోనిది; దాటినచో వెలుపలిది. ఈ రెంటి నడుమనున్న సరిహద్దును ఎంత పెద్దది చేసి చూచినను వివరములు తరుగవు. సుడులు, తీగలు, వాని నడుమ మూలసమితినే పోలిన బుల్లి రూపములు కానవచ్చుచునే యుండును.

యూసుఫ్‌గూడకును, దాని చెంతనున్న జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతములకును ఈ ప్రశ్న దూరమైనది కాదు. అది తెలుగు చలనచిత్రములకు నెలవు. ఫ్రాక్టల్ గణితము 1982లోనే చలనచిత్రమున ప్రవేశించినది. ‘స్టార్ ట్రెక్’ రెండవ చిత్రములోని కల్పిత పర్వతములను లోరెన్ కార్పెంటర్ ఆ విధముననే రూపొందించెను. ఒక చిత్రమునకు వందలమంది శ్రమించుచుండగా, తెరపై ఎవరి పేరు వేయవలెనను విచారము ఆ వీధులలో నిత్యమును ఉండునదే.

బొమ్మ యంతయు సూత్రములోనే యున్నదని కొందరందురు. ఎవరు అచ్చట చూచినను అదే ఆకృతి కనబడును గనుక, చిత్రకారునిది చూపే గాని సృష్టి కాదని వారి వాదము. ఇందు సత్యము లేకపోలేదు. కాని సమితికి రంగులు లేవు. ఒక్కొక్క బిందువు ఎన్ని ఆవృత్తులకు హద్దు దాటునో లెక్కించి, ఆ లెక్కకు వన్నెనిచ్చువాడు మనిషి. ఏ మూలకు పోవలెనో, ఎచ్చట ఆగవలెనో నిర్ణయించువాడును అతడే. శ్రమయు తక్కువది కాదు. కంప్యూటరు సాధారణముగా వాడు సంఖ్యలకు పదునైదు, పదునారు అంకెల ఖచ్చితత్వమే యుండును. అంతకు లోతుగా పోయినచో బొమ్మ గళ్లుగా చెదరును. మరిన్ని అంకెలతో గణించు ఉపాయము కావలెను.

కావున అనంతము అతనిది కాదు; ఎంపిక అతనిది. “సర్వమును నేనే సృష్టించితిని” అనుట అహంకారము. “యంత్రము చేసినది, నాకేమి” అనుట బాధ్యతను తప్పించుకొనుట. సంగీతకర్త సప్తస్వరములను పుట్టింపలేదు. అయినను అతని బాణీని తీసికొని తనదనువానిని లోకము మెచ్చదు. అట్లే, ఒకడు ఎన్నో రాత్రులు వెదకి పట్టిన తావును, అతడు కూర్చిన వన్నెలను గ్రహించి, “సూత్రము ఎవరి సొత్తు?” అని అడుగువాడు న్యాయము పలుకుచున్నట్లు తోచినను, చేయుచున్నది అపహరణమే. సూత్రము అందరిదగుట నిజము. దారి చూపినవానికి పడిన ఋణము మాత్రము ఆ దారిని నడచినవానిదే. అతని పేరు చెప్పినగాని అది తీరదు.