తేలిక గెలుపు చెప్పని మాట



ఓడినవాడు ఆత్మపరిశోధన చేసుకోవాలని ఎవరూ చెప్పనక్కరలేదు. ఓటమే అతణ్ణి కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తుంది. మరి గెలిచినవాడి మాటేమిటి? అందులోనూ చెమట పట్టకుండా గెలిచినవాణ్ణి ఎవరు ప్రశ్నిస్తారు? గెలుపును కూడా పరీక్షించుకోవాలా, లేక వచ్చిన సంతోషాన్ని మారుమాట లేకుండా స్వీకరించాలా? ఈ వారం మనం ఆలోచించవలసిన సంగతి ఇదే. ఇది నాకు తత్త్వశాస్త్ర గ్రంథాలలో దొరికిన ప్రశ్న కాదు. మదీనాగూడలో ఒక ఆదివారం పూజ ముగిశాక, ఆవరణలో కొందరు కుర్రాళ్లు ఫుట్‌బాల్ గురించి వాదించుకుంటుండగా దొరికింది.

ఆటలు అంతగా పట్టించుకోని పాఠకుల కోసం కొంచెం ముందు కథ చెప్పాలి. 2019లో మన నగరం పేరుతో హైదరాబాద్ ఎఫ్.సి. అనే జట్టు ఇండియన్ సూపర్ లీగ్‌లో అడుగుపెట్టింది. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం అప్పట్లో దాని సొంత మైదానం. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌తో 1–1తో సమంగా నిలిచి, పెనాల్టీలలో 3–1తో గెలిచి మన జట్టు విజేత అయింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఆ రోజు మూడు పెనాల్టీలు ఆపాడు. అప్పటినుండి మా కుర్రాళ్ల ఒంటిమీద పసుపుపచ్చ జెర్సీలు కనబడసాగాయి.

అదే సంవత్సరం డిసెంబరు చివరి వారంలో గువాహటి నుండి నార్త్ఈస్ట్ యునైటెడ్ జట్టు గచ్చిబౌలికి వచ్చింది. ఆ సీజన్‌లో అది మొదటి పది ఆటలూ వరుసగా ఓడిన జట్టు. మనవాళ్లు 6–1తో గెలిచారు. ఇంతకన్నా తేలిక గెలుపు ఏముంటుంది?

కొత్త సంవత్సరం మొదటి రోజే ఆదివారం అయింది. పూజ ముగించుకొని నేను బయటకు వచ్చేసరికి ఆ కుర్రాళ్లు గుంపుగా నిలబడి గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ఆరు గోల్స్ సంబరం అనుకున్నాను. దగ్గరకు వెళితే సంగతి వేరు.

"ఆరు కొట్టినం, మంచిదే. ఆ ఒక్కటి ఎట్ల ఇచ్చినం?" అంటున్నాడు ఒకడు. "వాళ్లు ఆడలేదు కాబట్టి మనం కొట్టినం. రేపు గట్టి టీమ్ వస్తే ఇదే ఆట పనికొస్తదా?" అంటున్నాడు ఇంకొకడు. "ఆరు కొట్టినా మీకు ఏడుపేనా? జర సంబరం చేసుకోనియ్యండ్రా!" అని మూడోవాడు విసుక్కుంటున్నాడు.

నేను మూడోవాడి పక్షం వహించాను. "బాబూ, దొరికినదాన్ని సంతోషంగా అందుకోవడం నేర్చుకోండి. ఆరు గోల్స్ కొట్టినవాళ్లలో తప్పులు వెదకడం కృతఘ్నత కాదా?" అని మందలించాను. నా మీద గౌరవంతో అందరూ ఊరుకున్నారు. వాళ్లలో ఒకడు తన కాలేజీ జట్టులో గోల్‌కీపర్. అతను మాత్రం వెళ్లబోతూ నెమ్మదిగా అన్నాడు: "గెలిచినప్పుడు అడగకపోతే, ఓడినప్పుడు అడిగి ఏం లాభం ఫాదర్?"

నా దగ్గర జవాబు లేదు. భుజం తట్టి పంపించాను. జవాబు లేనప్పుడు మా గురువులు చేసే పని అదే!

మరో రెండున్నర నెలలకు, 2023 మార్చిలో, మన జట్టు సెమీఫైనల్‌లో కలకత్తా జట్టు ఏ.టి.కె. మోహన్ బగాన్‌ను ఎదుర్కొంది. మొదటి ఆట 0–0. రెండో ఆట అదనపు సమయం కలుపుకొని 120 నిమిషాలు సాగినా 0–0. ఒక్క సాయంత్రం ఆరు గోల్స్ కొట్టిన జట్టు మొత్తం 210 నిమిషాలు ఆడి ఒక్క గోల్ కొట్టలేకపోయింది. పెనాల్టీలలో 4–3తో ఓడిపోయింది. ఆ డిసెంబరు గోల్స్‌లో ఒకటి దాచి ఉంచుకుని మార్చిలో వాడుకునే వీలుంటే ఎంత బాగుండేది! కాని తేలిక గెలుపు నిలవ ఉండే సరుకు కాదు.

ఆవరణలో కుర్రాళ్లు వాదించుకున్నంత మాత్రాన సెమీఫైనల్ ఫలితం మారేదని నేను అనడం లేదు. పెనాల్టీలలో అదృష్టం పాలు కూడా ఉంటుంది. ఓడిపోయారు కాబట్టి కుర్రాళ్లే ఒప్పని అనడం కూడా సరికాదు. ఒకవేళ గెలిచి ఉన్నా ఆ గోల్‌కీపర్ అబ్బాయి ప్రశ్న సరైనదే, నా మందలింపు తప్పే. ఎందుకో చెబుతాను.

సెమినరీలో తర్కశాస్త్రం తరగతిలో మొదట నేర్పే పాఠాలలో ఒకటి ఇది. వాన పడితే నేల తడుస్తుంది. నేల తడిసింది. కాబట్టి వాన పడింది అనవచ్చునా? అనకూడదు. ఎండాకాలంలో మదీనాగూడ సందుల్లోకి వచ్చి చూడండి. నీళ్ల ట్యాంకరు కారుతూ పోతే వీధి పొడవునా తడి కనబడుతుంది. ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండదు. అలాగే, బాగా ఆడితే గెలుస్తాము. గెలిచాము. కాబట్టి బాగా ఆడాము అనడం కూడా తడి చూసి వాన అనుకోవడమే. గెలుపు మన బలం వల్ల వచ్చి ఉండవచ్చు, ఎదుటివారి బలహీనత వల్లనూ వచ్చి ఉండవచ్చు. స్కోరు బోర్డు ఆ తేడా చెప్పదు. అడిగి తెలుసుకోవలసిందే.

ఇది ఆటతో ఆగిపోయే మాట అయితే ఈ శీర్షికలో రాయనక్కరలేదు. మన సద్గుణాలలో ఎన్ని తేలిక గెలుపులో ఎప్పుడైనా లెక్కవేశారా? "నేను జన్మలో లంచం ముట్టలేదు" అని ఒకాయన గర్వంగా చెబుతాడు. ఆయన కూర్చునే బల్ల దగ్గరకు పని కోసం వచ్చేవారే లేరు. "మా ఆవిడా నేనూ ఒక్కసారైనా పోట్లాడుకోలేదు" అని ఇంకొకాయన అంటాడు. ఇద్దరివీ వేరు వేరు షిఫ్టులు. ఆయన ఇంటికి వచ్చే వేళకు ఆవిడ క్యాబ్ ఎక్కుతుంది. పేపరు సులువుగా వచ్చిన ఏడాది మార్కులు చూసి పిల్లవాడి చదువు కుదిరిందనుకుంటాము. వ్యాపారం అందరికీ బాగున్న ఏడాది వచ్చిన లాభం చూసి మన తెలివి అనుకుంటాము. నా సంగతి దాచుకోవడమెందుకు? నాకు ఓర్పు ఎక్కువని చాలాకాలం అనుకున్నాను. తరువాత గమనిస్తే, నాకు ఎదురు చెప్పనివారి దగ్గరే ఆ ఓర్పంతా ఉంది! ఒక కుర్రవాడు నెమ్మదిగా ఒక ప్రశ్న అడిగితే భుజం తట్టి తప్పించుకున్నవాణ్ణి నేను.

కళ అయినా సద్గుణం అయినా ఎప్పుడూ కష్టతరమైనదానికి సంబంధించినదే అని అరిస్టాటిల్ భావించాడు. ఎదురు లేనిచోట మనకు గుణం లేదని కాదు. ఉందో లేదో ఇంకా తెలియదు, అంతే. పరిసయ్యుడు, సుంకరి దేవాలయంలో ప్రార్థించిన ఉపమానం మీకందరికీ తెలిసినదే. పరిసయ్యుడు చెప్పుకున్న ఉపవాసాలు, దశమభాగాలు అబద్ధాలు కావు. అతని పొరపాటు ఎక్కడుంది? కొలుచుకోవడానికి తనకన్నా తక్కువవాడని తాను తీర్మానించుకున్న మనిషిని ఎన్నుకున్నాడు. అది 6–1 గెలుపు. దానితో అతనికి తన గురించి కొత్తగా తెలిసినది ఏమీ లేదు.

ఈ విషయంలో మనకు దారి చూపిన పెద్దమనిషి మన హైదరాబాదులోనే ఉన్నాడు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం, ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చి భారత జట్టుకు శిక్షకుడైన రహీం సాబ్. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. మన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కూడా ఆ జట్టులో ఉన్నాడు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడారు. తరువాత థాయిలాండ్‌పై 4–1తో గెలిచారు. ఆ నాలుగు గోల్స్ చూసి అంతా బాగుందని రహీం సాబ్ ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. రక్షణ శ్రేణిలో ఆడే జర్నైల్ సింగ్‌కు తలకు గాయమై కుట్లు పడితే, అతణ్ణి తీసుకెళ్లి ముందు వరుసలో ఆడించాడు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్లీ అదే దక్షిణ కొరియా ఎదురైంది. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. 2–1తో స్వర్ణ పతకం మనది. ఫైనల్‌కు కొలబద్ద ఆ 4–1 కాదు, ఆ 0–2. అప్పటికే అనారోగ్యంతో ఉన్న రహీం సాబ్ మరుసటి సంవత్సరం, 1963 జూన్‌లో, కన్నుమూశారు.

"అయితే సంతోషించడమే తప్పా ఫాదర్?" అని మీరు అడగవచ్చు. కానే కాదు. నిత్యం వంకలు పెట్టే మనిషి ఇంట్లో పండగ కూడా తద్దినంలా ఉంటుంది. అతణ్ణి నేను సమర్థించడం లేదు. తప్పులెంచడం వేరు, పరీక్షించుకోవడం వేరు. రెండింటికీ తేడా మూడు గుర్తుల వల్ల తెలుస్తుంది. పరీక్షించుకునేవాడు ముందు మనసారా సంతోషిస్తాడు, ఆ తరువాతే ప్రశ్న అడుగుతాడు. చాటున అన్నమాటే ఆటగాడి ముఖాన కూడా అనగలడు. అన్నిటికన్నా ముఖ్యంగా, "వాళ్లు" అనడు, "మనం" అంటాడు. ఆ రోజు మా కుర్రాడు "ఎట్ల ఇచ్చినం" అన్నాడు, "ఎట్ల ఇచ్చిన్రు" అనలేదు. ఆ ఒక్క క్రియాపదం వింటే చాలు, అతనిది ప్రేమ అని తెలుస్తుంది. నాకే వినబడలేదు.

ఇంకొక ప్రశ్న ఉంది. అది కుర్రాళ్లూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆరు గోల్స్ తిన్నవాళ్ల సంగతి ఏమిటి? 2014 ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో జర్మనీ బ్రెజిల్‌ను దాని సొంత గడ్డపై 7–1తో ఓడించింది. సగం ఆటకే 5–0. విరామంలో తామంతా ఒక మాట అనుకున్నామనీ, శ్రద్ధగా ఆడాలి గాని ఎదుటివారిని అవమానించకూడదని నిశ్చయించుకున్నామనీ జర్మనీ ఆటగాడు హుమ్మెల్స్ తరువాత చెప్పాడు. ఆట మానలేదు, జాలిపడినట్టు నటించలేదు, వెక్కిరించనూ లేదు. తేలికగా గెలిచేవాడికి ఎదుటి జట్టు వల్ల పరీక్ష రాదు. అతనికి వచ్చే పరీక్ష తన మనసులోనే ఉంటుంది. ఓడినవాణ్ణి ఏ కళ్లతో చూస్తున్నాడన్నదే ఆ పరీక్ష.

తరువాత ఏమైందో చెప్పి ముగిస్తాను. 2023–24 సీజన్‌లో మన జట్టు బకాయిల వివాదాల్లోనూ, కొత్త ఆటగాళ్లను చేర్చుకోరాదన్న నిషేధంలోనూ చిక్కుకుంది. పేరున్న ఆటగాళ్లు వెళ్లిపోయారు. 22 ఆటలలో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. మరి ఆ రోజు ఆరు గోల్స్ తిన్న నార్త్ఈస్ట్ యునైటెడ్? 2024లో మోహన్ బగాన్‌పై రెండు గోల్స్ వెనకబడి, సమం చేసి, పెనాల్టీలలో గెలిచి డ్యూరాండ్ కప్ అందుకుంది. 2025లో మళ్లీ అదే కప్ గెలిచింది. ఫైనల్ స్కోరు ఎంతో తెలుసా? 6–1!

విధి విలాసమని నేను అనను. ఓడిన జట్టు శాశ్వతంగా ఓడిన జట్టు కాదు, గెలిచినది శాశ్వతంగా గెలిచినది కాదు. ఇంత చిన్న మాట తెలుసుకోవడానికి నాకు రెండున్నరేళ్లు పట్టింది.

ఇప్పుడు మా కుర్రాళ్లు ఆ పసుపుపచ్చ జెర్సీలు వేసుకుని తమ ఆట తాము ఆడుకుంటున్నారు. రంగు వెలిసింది, మోజు తగ్గలేదు. మొన్న వాళ్లు పక్క కాలనీ చిన్నపిల్లల మీద ఎనిమిది గోల్స్ కొట్టి వచ్చారు. ఆ గోల్‌కీపర్ అబ్బాయిని పిలిచి, "ఎట్లా ఆడారు నాయనా?" అని అడిగాను. "ఇంకా తెల్వది ఫాదర్" అన్నాడు.

పాఠకులారా, ఈ రాత్రి పడుకోబోయే ముందు, ఈ మధ్య మీరు కష్టపడకుండా గెలిచిన సంగతి ఒకటి గుర్తు తెచ్చుకోండి. ముందు సంతోషించండి. తరువాత ఆ అబ్బాయి ప్రశ్న మీరే అడుగుకోండి. "బాగానే చేశాను" అని జవాబు వెంటనే వస్తే తొందరపడకండి. వీధిలో తడి చూసినవాడు ఒక్కసారి తల ఎత్తి ఆకాశం కూడా చూడాలి.